చేరిన తేదీ

షర్టుకి కాలర్ కలపడంలో ఒక చిక్కుంది. మెడ దగ్గర కోసిన వంపు, కాలర్ పట్టీ కంటే ఎప్పుడూ రవ్వంత పొడుగుంటుంది. ఆ రవ్వంతని ముడత పడకుండా, లాగినట్టు కనబడకుండా, కుట్టు వెంబడే సర్దెయ్యాలి. పట్టీ నడిమి గుర్తునీ మెడ నడిమి గుర్తునీ బొటనవేలి కింద ఒకచోట నొక్కిపట్టి, సూది దింపి, ఎడమచేత్తో బట్టని కొద్దికొద్దిగా లోపలికి నెడుతూ పోవాలి. ఒక్క గుర్తు తప్పితే చొక్కా తొడుక్కున్నవాడు జీవితాంతం మెడ వంకరగా పెట్టుకున్నట్టే ఉంటాడు. ఈ పని పదకొండేళ్ళుగా చేస్తున్నందుకు ఆ ఫ్లోరు మీద ఆమెని అందరూ కాలరక్క అనేవారు. ఆమె మిషన్ మీద వేలాడే రేకు ముక్క మీద ఇంగ్లీషులో ‘కాలర్ జాయినింగ్’ అని రాసి ఉండేది. ఇంగ్లీషులో ఆమె చూడగానే గుర్తుపట్టగలిగినవి ఆ రెండే మాటలు.

ఆ సోమవారం ఉదయం టీ విరామానికి ముందే మిషన్లు ఆపించారు. పర్సనల్ ఆఫీసరు కిందికి దిగి వచ్చి, కటింగ్ బల్ల పక్కన నిలబడి మాట్లాడాడు. మొన్న ఒకటో తేదీ నుంచి ఈ యూనిట్టూ, వెనకవీధిలో ఉన్న రెండో యూనిట్టూ కలిసి ఒకే కంపెనీ అయ్యాయని చెప్పాడు. రెండు కుటుంబాలు ఒక ఇంట్లోకి వచ్చాయన్నాడు. చేతులు జోడించి నవ్వాడు కూడా. ఇదంతా ఒట్టి లాంఛనమేననీ, తలా ఒక సంతకం పెడితే సరిపోతుందనీ అన్నాడు.

సూపర్‌వైజరమ్మ కాగితాలు పంచింది. మెడలోంచి కొలతల టేపు తీసిన పాపాన పోదు కాబట్టి ఆవిడ పేరు టేపమ్మ. కాగితం మీద ఇంగ్లీషులో నాలుగు వరసలున్నాయి. నలభై ముగ్గురు ఆడవాళ్ళు ఆ నాలుగు వరసల వంకా, ఒకరి మొహం వంక ఒకరూ చూసుకున్నారు. ఎవరూ ముందుకు రాలేదు. చివరికి అందరి చూపులూ కాలరక్క మీదికి వచ్చి ఆగాయి.

కాలరక్క కాగితాన్ని వెలుతురు వైపు తిప్పింది. రెండో వరసలో ఆమెకి తెలిసిన మాట కనబడింది. రోజూ తలెత్తితే కనబడే మాటే. ఆమెకి ధైర్యం వచ్చింది.

“జాయిన్ అని ఉందే. రెండు యూనిట్లనీ కలుపుతున్నారని రాసుంటారు. అంతే” అంది పక్కనున్న చిట్టితో. బల్ల మీద కాగితం పెట్టి సంతకం చేసింది.

ఆ తర్వాత వరస కట్టారు. చేతుల పట్టీలు కుట్టే చిట్టి పెట్టింది. కాజాలు తీసే పెద్దమ్మ వేలిముద్ర వేసింది. పావుగంటలో పనైపోయింది. ఆఫీసరు కాలరక్క వైపు చూసి మెచ్చుకోలుగా తల ఊపాడు. ఆమె కూడా తల ఊపింది. అలా ఊపినందుకు తర్వాత ఆమె తనని తాను ఎన్ని తిట్లు తిట్టుకుందో లెక్కలేదు.

మంగళవారం మధ్యాహ్నం చిట్టి ఆఫీసు మెట్లు దిగి వచ్చి, మిషన్ ముందు కూర్చుని, దారం ఎక్కించబోయి మూడుసార్లు తప్పింది. ఆ పిల్లకి ఏడో నెల. పొట్ట అడ్డం రాకుండా కుర్చీ వెనక్కి జరుపుకుని, చేతులు బారచాపి కుట్టేది. నాలుగోసారి కూడా దారం సూది బెజ్జంలోకి పోకపోతే కాలరక్క వంగి ఎక్కించింది. ఏమైందని అడిగింది.

చిట్టి ఒక కాగితం తీసి చూపించింది. వచ్చే నెల నుంచి పురిటి సెలవు కావాలని పెట్టుకున్న అర్జీ అది. దాని మీద ఎర్రసిరాతో రాసి ఉంది: కొత్తగా చేరినందున వర్తించదు. వెనకాల పిన్ను గుచ్చి, సోమవారం సంతకం పెట్టిన కాగితం నకలు జతచేసి ఉంది.

“కొత్తగా చేరడమేంటే? నాలుగేళ్ళైంది కదా నువ్వొచ్చి” అంది కాలరక్క.

“అదే అడిగానక్కా. మొన్ననే కదా జాయిన్ అయ్యావు, నువ్వే సంతకం పెట్టావు అన్నారు. ఏడాది నిండితేగానీ సెలవు ఇవ్వరట. కావాలంటే మానేసి, పురుడయ్యాక మళ్ళీ వచ్చి అడుక్కోమన్నారు.”

ఎందుకు పెట్టావే సంతకం అని కాలరక్క నోటిదాకా వచ్చింది. అది చిట్టి ఆమె మొహం మీద చదివినట్టుంది. తప్పు చేసినదానిలా తల దించుకుని, “నువ్వు పెట్టావు కదా అని పెట్టాను” అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది.

కాలరక్క ఆ నకలుని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. ఆ సాయంత్రం దాకా ఆమె కలిపిన కాలర్లలో రెండు వెనక్కి వచ్చాయి. పదకొండేళ్ళలో ఒకే పూట రెండు వెనక్కి రావడం అదే మొదలు.

ఆమె ఆడపడుచు ఒక స్కూల్లో ఇంగ్లీషు టీచరు. రెండు వీధుల అవతల ఉంటుంది. వదినగారి చదువు మీద జోకులు వెయ్యడం ఆ పిల్లకి సరదా, అందుకే కాలరక్క పండుగకో పబ్బానికో తప్ప ఆ గడప తొక్కదు. ఆ రోజు ఫ్యాక్టరీ నుంచి తిన్నగా అక్కడికే వెళ్ళింది. ఆడపడుచు నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చుని పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతోంది. ఎర్రపెన్ను చెవిలో పెట్టుకుని కాగితం అందుకుంది. చదివింది. మళ్ళీ చదివింది. ఈసారి జోకు వెయ్యలేదు.

“దీనిమీద నువ్వు సంతకం పెట్టావా వదినా?”

“ముందు నేనే పెట్టాను. జాయిన్ అంటే కలపడమే కదా అని.”

ఆడపడుచు నోటుపుస్తకాలు పక్కకి నెట్టింది. స్కూల్లో పిల్లలకి చెప్పేటట్టే మొదలుపెట్టింది గానీ, చెబుతున్నకొద్దీ గొంతు తగ్గిపోయింది. ఆ మాటకి ఒక్క అర్థం కాదంది. రెండు గుడ్డముక్కల్ని జాయిన్ చేస్తే కుట్టడం. రెండు రోడ్లు జాయినైతే కలుసుకోవడం. నలుగురు మాట్లాడుకుంటుంటే వెళ్ళి జాయినైతే వాళ్ళలో ఒకళ్ళవడం. ఇక ఆస్పత్రిలో జాయినైనా, బడిలో జాయినైనా, బయట ఉన్న మనిషి ఆ రోజు గడప దాటి లోపలికి రావడం.

“ఉద్యోగంలో జాయిన్ అంటే ఆ చివరిదే. ఆ రోజే మొదలు. దానికి ముందు నువ్వక్కడ లేవు. ఇందులో ఏం రాశారంటే, నా ఇష్టపూర్వకంగా ఈ నెల ఒకటో తేదీన కొత్త ఉద్యోగిగా జాయిన్ అవుతున్నాను, పాత కంపెనీతో నాకే సంబంధమూ లేదు, అని.”

“మరి పదకొండేళ్ళు?”

“ఈ కాగితం ప్రకారం లేవు.”

కాలరక్క కుడిచేతి చూపుడువేలు గోరు మధ్యన ఒక తెల్లని చార ఉంది. పనిలో చేరిన రెండో ఏట సూది దిగి, అటునుంచి ఇటు వచ్చిన చోటు. ఆమె దాన్ని బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్న తెలివి తనదనుకుంది. ఒళ్ళు మండిపోతోంది. ఆఫీసరు మీద మంట ఒక ఎత్తు. తన వెనక వరసగా నిలబడి, తన మొహం చూసి సంతకాలు పెట్టిన నలభై రెండు మంది ఒక ఎత్తు.

ఆడపడుచు కాఫీ కలపబోయింది. వద్దంది. గుమ్మం దాటుతుంటే, “లోపలున్నవాళ్ళు జాయిన్ అవ్వలేరు వదినా. ఆ మాటకి అసలు ఆ వాడుకే లేదు. అది చెప్పు వాళ్ళకి” అంది ఆ పిల్ల వెనకనుంచి.

బుధవారం పొద్దున్న మిషన్ ఎక్కకుండానే ఆమె పైకి వెళ్ళింది. ఆఫీసరు కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. తను సంతకం పెట్టిన కాగితం వెనక్కి ఇమ్మని అడిగింది. అందరివీ ఇమ్మంది.

అతను విసుక్కోలేదు. అదే ఆమెకి ఎక్కువ కంపరం పుట్టించింది. ఓపిగ్గా, చంటిపిల్లకి గోరుముద్దలు పెడుతున్నట్టు మాట్లాడాడు. ఎవరినీ ఎవరూ చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించలేదు కదా అన్నాడు. ఉద్యోగాలు పోలేదు కదా, అదే మిషను, అదే కుర్చీ, ఇంకేం కావాలన్నాడు. రెండు కుటుంబాలు కలిసి కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు ఆ ఇంట్లో అందరూ కొత్తవాళ్ళేనన్నాడు.

“అత్తింట్లో అడుగుపెట్టినంత మాత్రాన కోడలు ఆ రోజే పుట్టినట్టు కాదు కదండీ” అంది కాలరక్క.

ఆఫీసరు నవ్వాడు. “బాగా మాట్లాడతావమ్మా. ఆ మాటకారితనంతోనే అందరి చేతా సంతకాలు పెట్టించావు. నీకు థాంక్స్ చెప్పాలి నేను.”

తడిగుడ్డతో గొంతు కొయ్యడం అంటారే, అది ఎలా ఉంటుందో ఆమెకి అప్పుడు తెలిసింది. మెట్లు దిగుతుంటే ఏదో ఒకటి తీసి నేలకి కొట్టాలనిపించింది. చేతికి అందిన కాలర్ల కట్ట తీసుకుని, విప్పి, మధ్యాహ్నం దాకా తల ఎత్తకుండా కుట్టింది.

భోజనాల వేళ అందరికీ చెప్పింది. ఆడపడుచు చెప్పినది చెప్పినట్టు, తన తప్పు దాచకుండా చెప్పింది. కొందరు ఏడ్చారు. ఇద్దరు ఆమెని మొహమ్మీదే తిట్టారు. ఆమె పడింది. కాజాల పెద్దమ్మ మాత్రం అన్నం కలుపుతూ, ఇప్పుడు చేతులు కాలాయి, ఆకులు ఎక్కడున్నాయో వెతుకు ముందు, అంది.

దూరంగా స్తంభం దగ్గర నిలబడి టేపమ్మ అంతా వింది. పైకి వెళ్ళి చెబుతుందని అందరూ అనుకున్నారు. కాలరక్క కూడా అదే అనుకుంది. ఒకప్పుడు తమతోపాటే నేలమీద కూర్చుని దారాలు కత్తిరించిన మనిషి, మెడలో టేపు పడగానే గడియారం చూసి బాత్‌రూం తలుపులు కొట్టడం నేర్చింది. కాలరక్క ఆవిడ వంక చూసిన చూపుకి పచ్చగడ్డి భగ్గుమనేదే.

గురువారం రెండో కాగితం వచ్చింది. ఆ మర్నాడు, చొక్కాలు కొనే పెద్ద కంపెనీ వాళ్ళు తనిఖీకి వస్తున్నారు. పనివాళ్ళ వివరాల ఫారాలు వాళ్ళకి చూపించాలి. ఈ ఫారం మాత్రం రెండు భాషల్లోనూ ఉంది. పేరు, వయసు, చిరునామా, చేసే పని. ఆరో గడిలో ‘చేరిన తేదీ’. అడుగున లావు అక్షరాల్లో, పనిచేసేవారు తమ చేతిరాతతోనే నింపాలని, కొట్టివేతలు చెల్లవని రాసి ఉంది. ప్రతి ఫారం మీదా ఒక నంబరు అచ్చువేసి ఉంది. ఆరో గడిలో అందరూ ఈ నెల ఒకటో తేదీ వెయ్యాలని టేపమ్మ చెప్పింది. ఎవరి వంకా చూడకుండా, పాఠం అప్పచెప్పినట్టు చెప్పింది.

కాలరక్క పేరు రాసింది. వయసు రాసింది. ఆరో గడి దగ్గర పెన్ను ఆగింది. ఆమె ఆ ఫారాన్ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది. తర్వాత ఒక్కో అంకే నొక్కి రాసింది. పద్నాలుగు, ఆరు, పదకొండేళ్ళ కిందటి ఏడాది.

టేపమ్మ భుజం మీంచి చూసింది. “ఒకటో తేదీ వెయ్యమన్నాను.”

“ఇక్కడ చేరిన తేదీ అని అడిగారు. నేను చేరిన తేదీ వేశాను.”

“నా పీకల మీదికి తేకు. కొట్టెయ్యి.”

“కొట్టివేతలు చెల్లవని రాసుంది. ఒకటో తేదీయే కావాలంటే నువ్వు వేసి నువ్వే సంతకం పెట్టు. నా చేత్తో నేను రాయను.”

గట్టిగా అనలేదు. కానీ ఆ వరసలో మిషన్లు ఆగి ఉన్నాయి కాబట్టి అందరికీ వినబడింది. చిట్టి తన ఫారం పొట్ట మీద ఆనించుకుని నాలుగేళ్ళ కిందటి తేదీ వేసింది. దాని వెనకనున్నామె వేసింది. ముగ్గురు మాత్రం తలలు వంచుకుని ఒకటో తేదీయే వేశారు. వాళ్ళలో ఒకామె భర్త రెండో యూనిట్టులో వాచ్‌మన్. వాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు.

కాజాల పెద్దమ్మకి తేదీ గుర్తులేదు, రాయడమూ రాదు. నువ్వు రాసిపెట్టమని కాలరక్కని అడిగింది. చేతిరాత తేడా వస్తే ఫారం మొత్తం చెల్లదంటారని కాలరక్క ఒప్పుకోలేదు. పెద్దమ్మ కళ్ళు మూసుకుని లెక్కేసింది. పెద్ద మనవరాలికి అన్నం ముట్టించిన మర్నాడు చేరింది. ఆ పిల్లకి ఇప్పుడు పదహారు నిండాయి. అలా ఏడాది దొరికింది, నెల దొరికింది. తారీఖు దగ్గర కాసేపు తడుముకుని, జీతం రోజుకి వారం ముందు అని తేల్చింది. చిట్టి బట్ట మీద గుర్తులు పెట్టే సుద్దముక్కతో బల్ల మీద అంకెలు పెద్దవిగా వేసి చూపిస్తే, వాటిని చూస్తూ పెద్దమ్మ ఫారంలోకి దించింది. రాయడం రాకపోయినా, బట్ట కదలకుండా పట్టుకోవడం ఎరిగిన చెయ్యి. అంకెలు వంకరపోలేదు. పేరు దగ్గర మాత్రం వేలిముద్ర వేసి, చిట్టి చేత పేరు రాయించింది. పేరు విషయంలో ఎవరికీ పేచీ లేదు.

టేపమ్మ ఫారాలన్నీ పోగుచేసుకుని కటింగ్ బల్ల దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఆవిడ కోసం కూడా ఒక ఫారం ఉంది. అంతవరకూ ఎవరికీ ఆ సంగతి తట్టలేదు. ఆవిడకే తట్టిందో లేదో. పెన్ను మూత తీసింది. పేరు రాసింది. తర్వాత చాలాసేపు వంగే ఉంది. టేపు రెండు కొసలూ బల్ల మీద పరుచుకున్నాయి. మళ్ళీ మిషన్లు మొదలయ్యాయి కాబట్టి కాలరక్క తల తిప్పుకుంది. ఆవిడ ఏం రాస్తే తనకేం అనుకుంది.

మూడు గంటలకి ఆఫీసరు స్వయంగా కిందికి వచ్చాడు. బల్ల మీది కట్ట చేతిలోకి తీసుకుని, పైన ఉన్న ఫారం చూశాడు. దాన్ని పక్కన పెట్టి రెండోది చూశాడు. మూడోది. గబగబా మధ్యలోంచి రెండు లాగాడు. మొహం కందగడ్డయింది. మళ్ళీ మొదటి ఫారం తీసుకున్నాడు.

“ఏంటమ్మా ఇది. నువ్వు కూడానా” అన్నాడు టేపమ్మతో, గొంతు తగ్గించి.

టేపమ్మ చేతులు ముందుకి కట్టుకుని నిలబడింది. “దారాలు కత్తిరించే దగ్గర చేరానండి. పంతొమ్మిదేళ్ళయింది. ఆ రోజు నాకు బాగా గుర్తుంది.”

ఆవిడ క్షమించమనలేదు, ధిక్కరించలేదు. ఆఫీసరు నంబర్లు వేసిన ఫారాల వంకా, గడియారం వంకా చూశాడు. కొత్తవి అచ్చువేయించే వ్యవధి లేదు. వేయించినా, రాసే చేతులు ఇవే. కట్ట చంకలో పెట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు. కాలరక్క సూది కింద కాలర్ పెట్టింది గానీ కుట్టలేకపోయింది. మూడు రోజులుగా టేపమ్మ కోసమని నోట్లో నూరి పెట్టుకున్న మాటలన్నీ అక్కడే ఉన్నాయి. వాటినిప్పుడేం చెయ్యాలో తెలియలేదు.

శుక్రవారం తనిఖీవాళ్ళు వచ్చి వెళ్ళారు. ఫారాలు తిరగేసి నకళ్ళు తీసుకున్నారు, దీపాలు లెక్కపెట్టారు, బాత్‌రూంలు చూశారు. సోమవారం ఉదయం గోడకి నోటీసు అంటించారు. ఈ భవనంలో పనిచేస్తున్న వారి నుంచి పోయిన వారం తీసుకున్న చేరిక పత్రాలు రద్దు చేశామనీ, వారి సర్వీసు ఎప్పటినుంచి ఉందో అప్పటినుంచే కొనసాగుతుందనీ దాని సారాంశం. చిట్టి అర్జీ మీద ఎర్రసిరా పక్కనే నీలిసిరాతో మంజూరు అని పడింది. ఆ పిల్ల కాగితాన్ని చూసి నవ్వబోయి, వెక్కిళ్ళు వచ్చి, నీళ్ళు తాగడానికి వెళ్ళింది.

టేపమ్మ ఇంకో కాగితం తెచ్చింది. అది కాలరక్క ఒక్కదానికే. రెండు యూనిట్ల విలీనంలో భాగంగా ఆమెని ఆ రోజు నుంచే వెనకవీధి యూనిట్టుకి మార్చారు. అక్కడ కాలర్ల పని లేదు. జేబులు కుట్టాలి.

“నన్నడిగితే—” అని టేపమ్మ మొదలుపెట్టింది.

“నిన్నెవరూ అడగలేదులే” అంది కాలరక్క. గొంతులో పూర్వపు కరుకు లేదు. డబ్బా, చెప్పులు, దారం కత్తిరించే చిన్న కత్తెర సంచిలో వేసుకుంది. టేపమ్మ గేటు దాకా వచ్చింది.

వీధి చుట్టి వెళ్ళేసరికి ఆమె కోపం తగ్గాల్సింది పోయి రాజుకుంది. పదకొండేళ్ళు ఉన్నాయని ఒప్పుకున్నారు, ఒప్పుకుని ఆ పదకొండేళ్ళలో నేర్చిన పని లాక్కున్నారు. జేబులు కుట్టడం పనిలో చేరి ఆర్నెల్లయిన పిల్లలు చేసే పని. నాలుగు తిన్నని గీతలు. మొగుడు వింటే, నీ నోటికి తగిన శాస్తి అంటాడు. అననీ అనుకుంది.

రెండో యూనిట్టు పొడుగాటి గది. కిటికీలు తక్కువ, పంఖాలు తక్కువ. అక్కడి సూపర్‌వైజరు మగవాడు. ఆమెని చివరి వరసలో ఒక మిషన్ చూపించి వెళ్ళిపోయాడు. అరవైమంది ఆడవాళ్ళు. ఆమె నడిచి వస్తుంటే ఒక్కళ్ళు తలెత్తలేదు. ఆమె జేబు ముక్క తీసుకుని, అంచు మడిచి, మొదటి గీత కుట్టింది. ఒళ్ళు దగ్గర పెట్టుకుని కుట్టినా, చేతులకి పని చాలక వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి.

గంట గడిచింది. పక్క మిషన్ ఆవిడ, నడివయసు మనిషి, ముక్కుమీదికి జారిన కళ్ళద్దాలు ఎత్తుకోకుండానే, కుట్టు ఆపకుండానే, పెదాలు కదిలీ కదలనట్టు మాట్లాడింది.

“నీతో మాట్లాడొద్దని చెప్పారు.”

“అయితే మాట్లాడకు” అంది కాలరక్క.

మిషన్లు కాసేపు నడిచాయి. ఆవిడ జేబుల కట్ట అందుకోవడానికన్నట్టు ఇటు వంగింది.

“మేమూ పోయినవారం ఏదో కాగితం మీద సంతకాలు పెట్టాం. మీ నోటీసులో మీ భవనం అని మాత్రమే ఉందటగా. రేపు మాకు ఏదో ఫారం ఇస్తారట.” ఆవిడ దారం తెంపింది. “అందులో తేదీ ఏం వెయ్యాలి?”

కాలరక్క మిషన్ మీంచి పాదం తీసేసింది. ఈ భవనం అని రాశారు. ఆ మాట పొద్దున ఆమె కూడా చదివింది. చదివి, చిట్టి మొహం చూస్తూ సంతోషంలో పడి, దాటేసింది. అడిగినవాళ్ళకి మాత్రమే తిరిగిచ్చి, అడగని అరవైమందిని గుట్టు చప్పుడు కాకుండా మింగేశారు. చివరికి నోరు మూయించడానికి తనని తెచ్చి, సరిగ్గా ఆ అరవైమంది మధ్యన కూర్చోబెట్టారు.

నవ్వొచ్చింది ఆమెకి. వారం రోజుల్లో మొదటిసారి. నవ్వులో కోపం ఏమీ తగ్గలేదు.

సూపర్‌వైజరు గది ఆ చివర ఉన్నాడు. వీపు ఇటువైపు ఉంది. కాలరక్క కుర్చీని పక్క మిషన్ వైపుకి జానెడు జరుపుకుంది.

“నువ్వు ఎప్పుడు చేరావు?” అని అడిగింది.

ఆవిడ అద్దాలు ఎత్తుకుని ఒక్క నిమిషం ఆలోచించింది. తర్వాత రోజూ, నెలా, ఏడాదీ చెప్పింది. చెప్పి, అవతలి మిషన్ వైపు తిరిగి, అదే ప్రశ్న అడిగింది.